మాటకు మాట

భర్తకు మెదడు ఆపరేషన్, అదీ మెలకువగా ఉండగానే. కత్తి మెదడులో మాటలు పుట్టే చోటికి తగలడం లేదని తెలియాలంటే అతను ఆపకుండా మాట్లాడుతూనే ఉండాలి. అందుకని యూనివర్సిటీ ఆసుపత్రివాళ్ళు, కొత్త పద్ధతి అంటూ, భార్యను పక్కగదిలో మైకు, స్పీకరు ముందు కూర్చోబెట్టారు.

"ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడండమ్మా," అంది డాక్టరు.

"అంటే పోట్లాడాలా?"

"పోట్లాడండి. ఆయన మాటలో ఏ కాస్త తేడా వచ్చినా వెంటనే చెప్పండి."

ఆమె మంచం మీద పడేసే తడి తువ్వాలుతో మొదలుపెట్టింది. అతను మాటకు మాట అప్పజెప్పాడు. ఆ ఊపులో ఆమె పాత గాయమే కెలికింది.

"నా చేత సంగీతం మాన్పించిందెవరు?"

"నేనే. తప్పు నాదే," అన్నాడతను.

"డాక్టరుగారూ, ఆపండి. ఇది ఆయన నోట వచ్చే మాట కాదు."

డాక్టరు చప్పున కత్తి వెనక్కి తీసి, ఇంకో పక్కనుంచి మొదలుపెట్టింది.

"అయినా ఆ తువ్వాలు ఆరేయడానికి నీకు చేతుల్లేవా?" అని అతను మళ్ళీ అందుకున్నాక గానీ ఆమె ప్రాణం కుదుటపడలేదు.

సాయంత్రం వార్డులో, తలకు కట్టుతో అతనన్నాడు: "పాపం, డాక్టరమ్మ కత్తి ఎక్కడా తగల్లేదు. ఆ మాట నేను తెలిసే అన్నాను."

ఆమె లేచి, మంచం అంచున పడున్న తడి తువ్వాలు తీసి ఆరేసింది.