మందుకు తోడు

"ముందు నువ్వు మింగు," అన్నాడు సొలొమోను.

"నాకెందుకండీ? దిగులు పట్టుకుంది మీకు."

"తోడు లేకుండా నా వల్ల కాదు. కంపు!"

సువార్తమ్మ ముక్కు మూసుకుని చేపనూనె గుళిక మింగింది. అప్పుడుగాని ఆయన నోరు తెరవలేదు. రోజూ ఇదే తంతు. ఆ పైన ఇద్దరికీ చేప తేన్పులు. పక్కింటి సంపూర్ణమ్మగారి పిల్లి గోడ దూకి వచ్చి, వీళ్ళు బైబిలు చదువుతున్నంతసేపూ మహా భక్తిగా ఎదురుగా కూచునేది.

సొలొమోనుకి ఆటోనగర్లో లారీల కమాను పట్టీలు సాగగొట్టే షెడ్డుంది. సుత్తి దెబ్బకి సరిగ్గా పాట కలిపే మనిషి. అలాంటివాడు ఉన్నట్టుండి షెడ్డు పనివాళ్ళకి వదిలేసి ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. ఆయన నిట్టూరిస్తే వీధి మొగదాకా వినిపించేది. అది వింటూ ఉంటే సువార్తమ్మకి పొయ్యి వెలిగించ బుద్ధయ్యేది కాదు. చర్చిలో ఆడవాళ్ళ పాటకి ముందు గొంతు ఆమెదే, అదీ మానేసింది. ఇంటాయన అలా ఉంటే పాటేమిటి? ఏది ముందో ఏది వెనకో ఆమెకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఈ మనిషి మళ్ళీ మనిషి కావాలి, అంతే ఆమె ప్రార్థన.

"డాక్టరు దగ్గరికి రండి," అని ఎన్నోసార్లు బతిమాలింది. చివరికి, "నువ్వు పక్కనుంటేనే వస్తా," అన్నాడు.

గవర్నరుపేటలో డాక్టరు రామకోటేశ్వరరావుగారు ఆయన నాడి చూసి, ఆమె వైపు తిరిగారు.

"నిద్రెలా ఉందమ్మా?"

"ఈయనకేం, గురకపెట్టి పడుకుంటారు. దిగులుతో వచ్చే గురకేమోనని నేనే మేలుకుని వింటుంటాను."

"ఇంట్లో ఒకరికి దిగులైతే ఇద్దరికీ వైద్యం చెయ్యాలి. ఆయనకి చేపనూనె గుళికలు. మీకు వాటితోపాటు ఈ చిన్న మాత్ర. రోగిని చూసుకునేవాళ్ళు ముందు గట్టిగా ఉండాలి కదా."

"మరి ఆయనకి అసలు మందు?"

"చూద్దాం. నూనె ఒక్కటే దిగులు పోగొట్టదమ్మా. అది మందుకు తోడు, అంతే. ఈయనకి ప్రస్తుతం తోడు చాలు."

సొలొమోను గొంతు సవరించుకున్నాడు. "కృష్ణలో ఇన్ని చేపలుండగా ఎక్కడి సముద్రపు చేప నూనో ఎందుకండీ, డాక్టరుగారూ?"

"కొర్రమీను పులుసూ తినండి. ఎవరు వద్దన్నారు? ఇద్దరూ తినండి."

అక్కణ్ణుంచి ఆయన పేచీలు పెరిగాయి. పులుసు ఆమె వండితేనే ముద్ద దిగుతుందట. బందరు కాలవ గట్టు మీద ఆమె వెంట నడిస్తేనే కాళ్ళు కదులుతాయట. ఆయన్ని పసిపిల్లాడికన్నా ఎక్కువగా సాకాల్సి వస్తోందని ఆమె సణిగేది. సణుగుతూనే చెప్పులు తొడుక్కునేది.

ఒకనాడు సంపూర్ణమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏమ్మా సువార్తా, మీ ఆయనకి జబ్బన్నావు. మధ్యాహ్నం కాలవ దగ్గర మినపట్లు తింటూ పకపకా నవ్వుతున్నాడే!"

ఆయన ఇంటికి రాగానే సువార్తమ్మ నిలదీసింది. "నవ్వారట?"

"నవ్వానా?" ఆయన హడలిపోయి ముఖం వేలాడేశాడు. "నూనె పనిచేస్తోంది కాబోలు."

"పని ఎగ్గొట్టడానికి ఈ వేషం కాదు కదా?"

"హూఁ," అని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పుకి పిల్లి కూడా లేచిపోయింది. సువార్తమ్మకి ఫక్కున నవ్వొచ్చింది. రోగి ముందు నవ్వినందుకు వెంటనే లెంపలేసుకుంది.

మరికొన్నాళ్ళకి, ఆమె పొయ్యి దగ్గర ఏదో కీర్తన కూనిరాగం తీస్తుండగా, సొలొమోను చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికండీ?"

"షెడ్డుకి. నీ పాట వింటే వెళ్ళాలనిపించింది."

చేతిలో గరిటె పక్కన పెట్టి, ఆమె కళ్ళొత్తుకుంది. "దేవుడు మేలు చేశాడు! ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాల్సిందే. మేలు పొందినవాళ్ళు పదిమందిలో నిలబడి చెప్పుకోకపోతే ఎలా?"

"పదిమందిలోనా? ఎందుకులే."

"జ్వరం తగ్గితే చెప్పడం లేదూ? దిగులైతే మాత్రం సిగ్గేమిటి?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "నిజం చెబితే నీకు కోపం రాదుగా?"

"నాకెందుకండీ కోపం!"

ఆదివారం సువార్తమ్మ ఆడవాళ్ళ ముందు నిలబడి గొంతెత్తి పాడింది. పాట ముగిశాక పాస్టరుగారు, "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నారు. సొలొమోను లేచాడు. చెప్పండి, ఫరవాలేదు అన్నట్టు ఆమె తలూపింది.

"ప్రభువు నా భార్యకి నయం చేశాడు," అన్నాడాయన.