పెద్ద కోత

రక్తం గ్రూపు సరిచూడాలి. ఎడమ పక్కన పెన్నుతో గుర్తు పెట్టాలి. వేలి ఉంగరం తీయించాలి. సంతకం తీసుకోవాలి. పాడైన కిడ్నీ తీయించుకోబోతున్న ఆవిడ మంచం దగ్గర నర్సుకి మిగిలింది ఆ సంతకమే.

“అదృష్టవంతురాలివమ్మా. పొట్ట కోయరు, చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారు. మూడో రోజుకి ఇంటికెళ్లిపోతావు” అంది నర్సు.

భర్త మొహం విప్పారింది. “అయితే సోమవారం నుంచి వంట చేసేస్తుందన్నమాట. బయటి తిండి మా అమ్మకి పడట్లేదండీ.”

“నీళ్ల బకెట్లు మొయ్యొచ్చుగా?” అంది అత్తగారు.

నర్సు ఇద్దరినీ బయటికి పంపి తలుపు వేసింది.

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. “సిస్టర్, నాకు పెద్ద కోతే పెట్టించండి.”

“పిచ్చా నీకు? ఆ నొప్పి తెలుసా? నెలన్నర కోలుకోలేవు.”

“ఆ నెలన్నర కోసమే. పోయినసారి రాళ్లు తీసినప్పుడు పైకి గాయం లేదని మర్నాడే దుప్పట్లు ఉతికించారు. కుట్లు కనపడితేనే మా ఇంట్లో జబ్బు.”

వాళ్ల మీద పుట్టిన అసహ్యం నర్సుకి తన మీదికే తిరిగింది. మూడో రోజు మాట వాళ్ల చెవిన వేసింది తనే.

“చిన్న కోతే మంచిదమ్మా. ఆరు వారాలు పని చెప్పకూడదని డాక్టరుగారి చేత రాయిస్తాను. నేనే చదివి వినిపిస్తాను.”

“కాయితం ఎవరు చూస్తారు సిస్టర్, పొట్ట చూస్తారు గానీ” అంటూనే ఆవిడ సంతకం పెట్టింది.

మీ ఇంట్లో ఎవరినైనా చూసి “పైకేం లేదుగా, లేచి తిరుగుతోందిగా” అనబోయే ముందు, దయచేసి పెద్ద కోత అడిగిన ఆవిడని ఒక్కసారి గుర్తుచేసుకోండి.