గంట దూరంలో సరోజ

కృష్ణ వరదకు లంకల్లో అరటితోటలు మునిగిన ఏడు, దేవసహాయం భార్య సరోజ తిరుపతిలో ఒకతని దగ్గరికి చేరింది. విమానంలో వెళ్ళింది.

ఆ విమానమే దేవసహాయానికి మింగుడుపడలేదు.

ముప్పై ఏళ్ళ కాపురంలో అతను ఆమెను తీసుకెళ్ళిన దూరమల్లా సూర్యలంక. రేపల్లె నుంచి బాపట్ల దాకా బస్సులో నిమ్మకాయ వాసన చూస్తూనే కూర్చుంది. సముద్రంలో కాళ్ళు తడవకముందే ఇంటికి పోదామంది.

దేవసహాయం రేపల్లె స్టేషను దగ్గర సైకిళ్ళు బాగుచేస్తాడు. మాట తక్కువ, కుళ్ళు ఎక్కువ. గాజులమ్మేవాడు సరోజ చెయ్యి పట్టుకుంటే ఓర్వలేక, గాజులు తనే కొనుక్కొచ్చి తనే తొడిగేవాడు. సగం పగిలేవి.

చర్చిలో అందరూ "నీది పెద్ద మనసు దేవసహాయం" అన్నారు. ఆ మాట వింటే అతనికి ఇంకా మండేది.

ఏడాది తర్వాత తిరుపతి నుంచి ఉత్తరం వచ్చింది. పక్క టీకొట్టు బర్నబాస్ చదివిపెట్టాడు.

"ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళమంటున్నాడన్నయ్యా. కిరణ్ కుమారంట. ముప్పై ఆరేళ్ళంట."

"వయసు ఎవడడిగాడు?"

మళ్ళీ అతనే అడిగాడు. "గన్నవరం నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపురా?"

బర్నబాస్ ఫోనులో చూశాడు. "గంట. రోడ్డు మీదైతే నాలుగొందల కిలోమీటర్లు."

"గంటలో చెయ్యి దాటిపోయిందా!"

"ఇప్పుడు కుళ్ళుకుని ఏంటి లాభం? ఆరోజు సంతకం పెట్టింది నువ్వేగా."

"మూడో క్లాసు దాకా చదివితే ఆ సంతకం ఒక్కటే వచ్చింది. అదీ ఇందుకు పనికొచ్చింది."

"సరే, వెళ్ళిరా. అతనితో గొడవ మాత్రం పెట్టుకోకు."

రేపల్లెలో పొద్దున్నే రైలెక్కి తెనాలిలో మారాడు. తిరుపతిలో దిగేసరికి సాయంత్రమైంది. ఆమెకు గంట. తనకు పగలంతా. దారి పొడుగునా అదే బాధ. వాడెక్కడికి పోతే సరోజ అక్కడికల్లా పోతోంది. తనతో బాపట్ల రావడానికే ఏడ్చిన మనిషి!

కిరణ్ కుమార్ మేడ మీద నుంచి చకచకా దిగి వచ్చాడు. నిండైన మనిషి. నుదుట నామం, నున్నగా గీసిన గడ్డం.

"రండన్నా. మీ కోసమే చూస్తా ఉండా."

దేవసహాయం గడపలోనే నిలబడ్డాడు. "లోపల ఉందా?"

"లోపలే ఉందన్నా."

"బాగుందా?"

"ఏ ఇబ్బందీ లేదు. చూస్తారా?"

"రేపు. ఇప్పుడు చూస్తే నిన్నేం చేస్తానో నాకే తెలీదు."

అన్నం పెడితే తిన్నాడు. మధ్యలో ఒక్కటే మాటన్నాడు.

"ఉరిమిందంటే దానికి హడలు. దడదడలాడిపోద్ది. అప్పుడు చెయ్యేసి ఉంచాలి."

"వేస్తానన్నా" అన్నాడు కిరణ్ కుమార్, తల దించుకుని.

ఎత్తిన ముద్ద దేవసహాయం చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే అతను కిరణ్ కుమార్ చొక్కా గుండీలు తనే విప్పి, ఛాతీ మీద నిలువునా ఉన్న కుట్ల మచ్చకు చెవి ఆనించి, ఏడాది కిందట డాక్టర్లు తీసుకొచ్చి అక్కడ అమర్చిన సరోజ గుండె చప్పుడు విన్నాడు.