తిరిగి పడే వాయువు

"టెలిస్కోపు టైముకి మన ల్యాబు నుంచి ఒక్క ప్రపోజలే పంపాలి. రెండొచ్చాయి. ఒకటి నేను చూస్తాను, ఇది నువ్వు చూడు," అంటూ సన్యాసిరాజు సారు కాగితాలు ఇంద్రజ ముందు పెట్టారు. "పేర్లు ఆఫీసులోనే తీసేశారు. ఎవరిదో నాకూ తెలీదు. నువ్వు ఈసారి అప్లై చెయ్యలేదు కదా, అందుకే నీకిస్తున్నా."

ఎలా చేస్తుంది? గడువు వారమంతా ఉక్కునగరం క్వార్టర్స్‌లో డెంగీతో మంచాన పడి ఉంది. ఫెలోషిప్పు ఈ ఏడాదితో సరి. టెలిస్కోపు డేటా లేకపోతే పీహెచ్‌డీ కూడా లేనట్టే.

మొదటి పేజీకే ఒళ్లు మండింది. దగ్గరి క్వేజార్లలో, అంటే ధగధగా వెలిగే గెలాక్సీ కేంద్రాల్లో, ఉండే భారీ బ్లాక్‌హోల్ తన చుట్టూ ఉన్న వాయువును మింగుతూనే, ఆ ధాటికి బోలెడంత వాయువును బయటికి తన్నేస్తుంది. అలా వెళ్లింది పోయినట్టేనా, మళ్లీ ఆ గెలాక్సీలోనే వచ్చి పడుతుందా? అదీ ప్రశ్న.

అది ఇంద్రజ ప్రశ్న! బీచ్‌లో టీ తాగుతూ ఒక్క సూర్యకళకే చెప్పింది.

సూర్యకళ జూనియరు. భీమిలిలో చేపల వేటకెళ్లే వాళ్ల ఇంటి పిల్ల. చేరిన ఏడాదికే పేపరు వేయించుకుంది, సారుతో శభాష్ అనిపించుకుంది. ఆ పిల్ల నవ్వినా ఇంద్రజకి గిట్టేది కాదు. దానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు గానీ, అది ఏడుపే. ఇప్పుడు ఆలోచన కూడా కాజేసిందన్నమాట! పైగా ఎంత చక్కగా రాసింది! వెతికి వెతికి చూసినా ఒక్క తప్పూ దొరకలేదు. అది మరీ కాల్చేసింది.

'కొత్తదనం లేదు' అని రాసి, పదికి రెండు వేసింది.

మర్నాడు సారు ల్యాబులోకి తొంగి చూసి, "క్వేజార్లది ఆగిపోయింది, రెండోది పంపేశాం," అని చెప్పి వెళ్లిపోయారు.

సూర్యకళ మొహం దించుకుని క్యాంటీన్‌కి వెళ్లి కూర్చుంది. లోపల పండగ చేసుకుంటూనే ఇంద్రజ వెనకాలే వెళ్లి భుజం తట్టింది.

"ఏడుస్తావేంటే? వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకోవచ్చు."

"ఒచ్చే ఏడాది ఎట్టి ఏటి లాభం అక్కా?"

"నీకేం తొందర? ఇంకా మూడేళ్లుంది."

"నాకుందిలే," సూర్యకళ ముక్కు చీదింది. "టైమొచ్చేక సెప్దామని నీకు కూడా సెప్పకుండా ఉన్నాను."

"ఏం చెబుదామని?"

"అది నీ పేరు మీదే ఎట్టినానక్కా."