కాలవ గట్టు మీద దొంగ

వెనక నుంచి తన కవిత తనకే వినిపించేసరికి దుర్గాశంకర్ కాళ్లు గట్టు మీదే ఆగిపోయాయి.

"మా అమ్మ అరచేతుల్లో నీలం రంగు... ఆదివారం కూడా సెలవు పెట్టలేదు..."

ఎవరో కూనిరాగం తీస్తున్నారు.

ఆ కవిత ఇంకా కాగితమే ఎక్కలేదు. ఏ పత్రికకీ పంపలేదు. ఫేస్‌బుక్‌లో పెట్టలేదు. ఇంట్లో ఆవిడక్కూడా వినిపించలేదు, ఎలాగూ వినదు కాబట్టి.

దుర్గాశంకర్‌ది చిత్రమైన అలవాటు. పెన్ను పట్టుకుంటే ఒక్క ముక్క రాదు. పొద్దున్నే గుణదల కాలవ గట్టు మీద నడుస్తూ, పైకి అనుకుంటూ అల్లుకోవాల్సిందే. ఇస్త్రీ బండి, పాల ప్యాకెట్లు, దండెం మీద చీర, కంటపడిందల్లా అందులోకి వచ్చేస్తుంది. తీసేవి తీసి, కలిపేవి కలిపి, అంతా కుదిరాకే కాగితం.

నూలుకి రంగులు వేసిన తల్లి మీద ఈ కవిత. చలికాలం నుంచీ దీని మీదే నడుస్తున్నాడు. రేపు ఉగాది కవిసమ్మేళనంలో చదవాలి. చివరి చరణం మాత్రం చచ్చినా కుదరడం లేదు.

ఇలాంటప్పుడు ఈ గొంతెవరిది?

గిరుక్కున తిరిగాడు. మెడలో తువ్వాలు, కాళ్లకి అరిగిన చెప్పులు, యాభై దాటిన మనిషి. రోజూ వెనకాలే నడిచేవాడే. పాపం, షుగరు కాబోలు అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"ఏవండీ, ఏంటి మీరు అంటున్నది?"

తువ్వాలాయన సిగ్గుపడ్డాడు. "మీదేనండి. రోజూ వింటున్నాను కదా, నోటికొచ్చేసింది."

"నోటికొచ్చేసిందా!"

"చివర ఇంకా కుదిరినట్టు లేదేంటండీ?"

దుర్గాశంకర్‌కి ఒళ్లు మండిపోయింది. ఎంత ధైర్యం! చివరి చరణం కోసం కాచుక్కూర్చున్నాడన్నమాట.

అలా అనుకోవడంలో అతని తప్పు కూడా లేదు. బెజవాడ కవిసమ్మేళనాలన్నీ తిరిగినవాడు. అక్కడ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ తన వంతు కోసం చూస్తున్న కవే. రాయనివాడు కూడా కవిత వింటాడన్న సంగతి అతనికి కల్లో కూడా తట్టదు.

"మీరు ఏ గ్రూపు?"

"గ్రూపంటే ఏంటండీ?"

"నాటకాలొద్దు. ఎవరు పంపించారు మిమ్మల్ని?"

"నన్నెవరు పంపిస్తారండీ బాబూ! మాది ఈ పక్క సందే."

"రేపు సభలో నాకంటే ముందు చదివేద్దామనా?"

"సభా? ఎక్కడండీ?"

"తెలీనట్టు! లైబ్రరీ హాల్లో ఉగాది కవిసమ్మేళనం."

ఆయన మొహం చేటంత అయింది. "ఎవరైనా రావచ్చాండీ?"

దుర్గాశంకర్ నాలుక కరుచుకున్నాడు. దొంగకి తనే దారి చెప్పాడు. ఇంక బెదిరించడం ఒక్కటే మిగిలింది.

"నా వెనకాల ఇంకోసారి కనపడ్డారంటే మర్యాదగా ఉండదు!"

"పొరపాటైందండి. ఇంక రాను," అని తువ్వాలాయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఉగాది పచ్చడి తిన్నాడే గానీ దుర్గాశంకర్‌కి ఏ రుచీ తెలియలేదు. చివరి చరణం హాలుకి వెళ్లే ఆటోలో, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర తట్టింది. అమ్మయ్య, ఇది మాత్రం వాడి చెవిన పడలేదు.

హాల్లో అడుగు పెట్టగానే వరసలన్నీ ఓసారి కలయజూశాడు.

చివరి వరసలో, కొత్త తెల్ల చొక్కాలో, వాడే!

దుర్గాశంకర్ పేరు బాగా వెనకెక్కడో ఉంది. అందాకా ఏమైనా జరగొచ్చు. సభ నడిపిస్తున్న లెక్చరర్ రామతులసి గారి దగ్గరికి పరుగెత్తాడు.

"మేడమ్, ఆ తెల్ల చొక్కా నా కవిత కొట్టేశాడు. మైకు అందితే చదివేస్తాడు!"

"ఎవరండీ ఆయన? మనవాళ్లలో ఎప్పుడూ చూళ్లేదే."

"అదే చెప్తున్నాను. బయటికి పంపిస్తారా, నన్ను పొమ్మంటారా?"

"పండగపూట గొడవెందుకు లెండి, నేను మాట్లాడతాను."

ఆవిడ వెళ్లి, వంగి, ఏదో చెప్పింది. ఆయన గబుక్కున లేచి దణ్ణం పెట్టాడు. రెండు ముక్కలేవో మాట్లాడాడు. వేదిక వైపు ఒక్కసారి చూసి, తలుపు చప్పుడవకుండా వేసి వెళ్లిపోయాడు.

దుర్గాశంకర్‌కి ప్రాణం లేచొచ్చింది.

వంతు రాగానే గొంతు సవరించుకుని అందుకున్నాడు. చదవడం అయిపోయినవాళ్లు శాలువాలతో అప్పటికే వెళ్లిపోయారు. చదవాల్సినవాళ్లు తమ కాగితాలు దిద్దుకుంటున్నారు. ముందు వరసాయన ఫోన్‌లో మునిగిపోయాడు. చివరి చరణం దగ్గర దుర్గాశంకర్ కళ్లు చెమర్చాయి. తలెత్తి చూశాడు.

"తర్వాత నేనేనా?" అని ఎవరో పక్కవాణ్ణి అడుగుతున్నారు.

చప్పట్లు కొట్టినట్టే కొట్టారు. రామతులసి గారు శాలువా కప్పుతుంటే ఆగలేక అడిగేశాడు.

"ఏమన్నాడండీ ఆ దొంగ? ఒప్పుకున్నాడా?"

ఆవిడ అతని మొహంలోకి చూడలేదు.

"కవి కాదటండీ, జన్మలో ఒక్క ముక్క రాయలేదట. 'గట్టు మీద రోజూ విన్నానమ్మా, చివర ఎలా ముగించారో ఒక్కసారి విని వెళ్లిపోదామని వచ్చాను' అన్నారు."