గూడ్సురైలు సన్నివేశం

ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా దేశమంతా తిరిగి పాడిన ఒక గాయకుడి జీవితాన్ని సినిమాగా తీస్తున్నారు. ఆయన భార్యాబిడ్డల్ని వదిలేసి గూడ్సురైలెక్కిన సన్నివేశాన్ని, అది నిజంగా జరిగిన ఓక్లహోమాలోనే పెట్టుకున్నారు. తప్పులుంటే చెప్పడానికి ఆయన కూతురు ఓర్ఫాను దర్శకుడు పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

నటుడు గిటారు భుజాన వేసుకుని రైలెక్కాడు.

"అలా కాదు," అంది ఓర్ఫా.

అతన్ని దింపి, టోపీ మార్చి, మళ్లీ ఎక్కించారు.

"అబ్బే, కాదు."

గిటారు రెండో భుజానికి మార్చారు. పాడుతూ ఎక్కమన్నారు.

"ఊహూ."

పొద్దు వాలిపోతోంది. దర్శకుడి ఓపిక అయిపోయింది.

"మరెలా ఎక్కారో మీరే చెప్పండి ఓర్ఫాగారూ!"

"నాకేం తెలుసు బాబూ? అప్పటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. తర్వాత నాన్నని చూసిందే లేదు."

"మరి ఇందాకట్నుంచీ కాదు కాదంటారేం?"

"కాదన్నప్పుడల్లా దిగి వెనక్కొస్తున్నాడుగా," అంది ఓర్ఫా.