గేటు తీయించిన మంత్రి

కిటికీ అద్దం భళ్ళున పగిలింది. రాయబారి విట్‌కమ్ బల్ల కిందికి దూరాడు.

విదేశాంగ మంత్రి ఎవరిస్తో కినోనెస్ కాఫీ కప్పు కూడా దించలేదు. గడియారం చూసుకున్నాడు. సరిగ్గా పదకొండు.

“మా రైతులే. నీళ్ళు అడుగుతున్నారు, అంతే,” అన్నాడు.

ఉత్తరాన ఉన్న పెద్ద దేశానికి కావలసింది కూడా ఆ నీళ్ళే. ఒప్పందం ప్రకారం ఇవాళే ఆనకట్ట గేట్లు ఎత్తాలి, లేదంటే మీ టమాటాల మీద సుంకం రెట్టింపు చేస్తామని బెదిరించడానికే వచ్చాడు విట్‌కమ్.

మంత్రి సొరుగులో మరో కాగితం ఉంది. అవే నీళ్ళను తూర్పు దేశం వాళ్ళ కార్ల ఫ్యాక్టరీకి రాసిచ్చే కాగితం. సంతకాలు గురువారం. అప్పటిదాకా ఉత్తరం వాణ్ణి ఆపలేకపోతే పదవి ఊడుతుందని అధ్యక్షుడు ముందే చెప్పాడు.

రైతులకు మిగిలేది పత్రికా ప్రకటన.

మంత్రి కిటికీలోంచి తొంగి చూశాడు. మొహం వెలిగిపోయింది.

“ట్రాక్టర్లు కూడా తెచ్చారే! ఆ బూట్ల మీద దుమ్ము చూడమ్మా రెమెదియోస్, ఎంత సహజంగా ఉందో!”

కార్యదర్శి రెమెదియోస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “సార్, గేటు ఊగిపోతోంది. సైన్యాన్ని పిలవమంటారా?”

“సైన్యమెందుకు? కాపలావాళ్ళని పక్కకి తప్పుకోమను. గేటు తీసెయ్యమను. మెట్ల దాకా రానీ.”

“మీకు మతి పోయిందా?” బల్ల కింద నుంచి కేక.

“వాళ్ళు నా ప్రజలు, విట్‌కమ్ గారూ. తుపాకులతో ఎలా ఆపను? ఇవాళ నీళ్ళు వదిలితే మనిద్దర్నీ ఒకే గోతిలో పాతేస్తారు. మూడు నెలలు గడువివ్వండి. కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్తాను.”

గురువారం దాకా చాలు. కానీ బేరం అలవాటు.

“ఇచ్చాను! ఏదీ, ఆ గడువు కాగితం ఇటివ్వండి!”

బల్ల కిందే సంతకం గీకి, వెనక గుమ్మంలోంచి పరుగు తీశాడు రాయబారి.

మంత్రి ఈలవేస్తూ ఫ్యాక్టరీ కాగితం బయటికి తీశాడు. బల్ల మీద పరిచి, మడత సాపు చేశాడు.

“భోజనం వేళకి ఇళ్ళకు పోతార్లే. కంగారు పడకు.”

మెట్ల మీద వందల బూట్ల చప్పుడు. గుమ్మం దాకా వచ్చేసింది.

“తలుపు తియ్యి. ముందున్నవాడితో చెయ్యి కలపాలి.”

రెమెదియోస్ గడియ తీసింది. అప్పుడే మంత్రి ఫోన్ మోగింది.

“దోన్ ఎవరిస్తో, తిట్టకండి,” అంది కూలికి జనాన్ని తోలే చాయో అనే ఆడమనిషి ఏడుపు గొంతుతో, “అసలు రైతుల ట్రాక్టర్లు దారంతా నింపేశాయి, మీరు పురమాయించిన మూడు వందల మందీ ఇంకా టోల్‌గేటు దగ్గరే బస్సుల్లో కూచుని తోర్తా రొట్టెలు తింటున్నారు.”